కొమ్మలు కొట్టే బండి వచ్చిన పూట చెట్టు కింద మీరుండాలి

ఏప్రిల్ నెలాఖరు నుంచి నేను పొద్దున్నే ఏడింటికి గేటు బయట కుర్చీ వేసుకుంటాను. హైదరాబాద్ పద్మారావునగర్‌లో మా వీధికి పదకొండు చెట్లు. ఆరు కానుగలు, రెండు వేపలు, రెండు తురాయిలు, మూల మీద పెద్ద నిద్రగన్నేరు. వానాకాలం ముందు కొమ్మలు తగ్గించే బండి ఏ పూట వస్తుందో ముందురోజు సాయంత్రం దాకా తేలదు. మనుషులు కుదరాలి, లైను ఆపడం కుదరాలి. వచ్చాక ఒక్కో చెట్టు దగ్గర పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. ఆ కాసేపట్లో పడే కోతలను బట్టే చెట్టు మరో పదిహేనేళ్ళు గట్టిగా నిలబడుతుందా, లోలోపల పుచ్చిపోతుందా అన్నది తేలుతుంది. ముప్పై ఏళ్ళు బళ్ళో జీవశాస్త్రం చెప్పాను గానీ, ఈ సంగతి నాకు మా ఇంటి ముందరి మూడో కానుగ నేర్పింది.

చాలా ఏళ్ళ కిందట ఒక షాపు బోర్డు కనబడటం లేదని ఎవరో కూలీలను పెట్టి దాన్ని మోడు చేయించారు. నెల తిరక్కుండానే గుత్తులు గుత్తులుగా చిగుళ్ళు వచ్చాయి. బతికిందని నేనే అందరికీ చెప్పుకున్నాను. నాలుగేళ్ళకు జూన్‌లో ఒక గాలివానకు ఆ చిగుళ్ళలో ఒకటి, అప్పటికే నా చెయ్యంత లావైంది, మొదలంటా ఊడి స్కూటీ మీద పడింది. తీసి చూస్తే దాని అడుగు చెంచా వీపులా నున్నగా ఉంది. మామూలు కొమ్మ మాను లోపలినుంచి పుడుతుంది, ఏటా కొత్త కలప దాన్ని చుట్టి బిగిస్తుంది. మోడు మీద వచ్చే చిగురు తోలు కిందనుంచి లేస్తుంది, దానికి ఆ పట్టు ఉండదు. ఊడిన చోట మోడులో నా పిడికిలి పట్టేంత తొర్ర, లోపలంతా నల్లటి పొడి. అందుకే తల నరికే పని ఎవరు మొదలుపెట్టినా అడ్డం నిలబడండి.

పని ఎవరిదో ముందు తేల్చుకోండి. కొమ్మ తీగలకు తగులుతుంటే కరెంటు వాళ్ళది. 1912కు ఫోన్ చేయండి, లేదా మీ సెక్షన్ లైన్‌మన్‌కు చెప్పండి. తీగలతో సంబంధం లేకపోతే మా నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీది. 040-21111111కు చెప్పి, సర్కిల్ ఆఫీసులో అర్బన్ బయోడైవర్సిటీ విభాగానికి కాగితం కూడా ఇవ్వండి. రోడ్డు మీది చెట్టు మన గోడకు ఆనుకుని ఉన్నా మనది కాదు, సొంతంగా కూలీని ఎక్కించకూడదు. ఇక చెట్టునే తీసేయాలంటే అది వేరే దారి. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి.

కాగితంలో “చెట్టు అడ్డంగా ఉంది, కొట్టించగలరు” అని రాయకండి. అలా రాస్తే పని కూడా అలాగే జరుగుతుంది. నేను రాసేది ఇలా ఉంటుంది: “ఫలానా నంబరు స్తంభం పక్కనున్న కానుగకు ఉత్తరం వైపు రెండు కొమ్మలు తీగలకు తగులుతున్నాయి. ఆ రెండింటిని మాత్రం లోపలి పంగ దాకా తగ్గించి, మిగతా చెట్టును ముట్టుకోవద్దని మనవి.” స్తంభం మీద నంబరు రాసి ఉంటుంది, అదే చెట్టుకు చిరునామా. ఫొటో తీసి ఆ రెండు కొమ్మల మీద ఎర్ర గీత పెట్టి జతచేయండి.

వీలైతే ఈ కాగితం సంక్రాంతి లోపే ఇవ్వండి. ఉగాది పచ్చడికి వేపపూత వచ్చేసరికి చెట్టు దాచుకున్నదంతా కొత్త ఆకుకూ పూతకూ ఖర్చు పెట్టేసి ఉంటుంది. అంతకు ముందే కోసిన కోత, చిగురు ఊపులో త్వరగా మూసుకుంటుంది. మే ఎండల్లో గొడుగంతా తీసేస్తే అన్నాళ్ళూ నీడలో ఉన్న తోలు కాలి పగులుతుంది. వేసవిలో చేయక తప్పకపోతే ఎండిన కొమ్మలు, విరిగి వేలాడేవి, తీగకు తగిలేవి తీయించి మిగతావి ఆపమనండి. ఒక వారం ముందు గూళ్ళు చూసిపెట్టుకోండి. ఎండాకాలం కాకి గూడు కట్టే కాలం, కోయిల గుడ్డూ అందులోనే ఉండొచ్చు. గుడ్డు పెట్టింది మొదలు పిల్ల ఎగరడానికి సుమారు నెలన్నర పడుతుంది. తీగకు తగలని కొమ్మ అన్నాళ్ళు ఆగగలదు.

ముందురోజు రాత్రే చెట్ల కింది బళ్ళు తీయించండి. తీయించాల్సిన కొమ్మకు పాత చీర అంచు చింపి కడతాను నేను, అందనిదాన్ని గెడకర్రతో చూపిస్తాను. ఎవరైనా పైకి ఎక్కేముందు మీరు అడగాల్సిన మాట ఒక్కటే: “ఎల్‌సీ తీసుకున్నారా?” లైను ఆపినట్టు సబ్‌స్టేషన్ నుంచి తీసుకునే క్లియరెన్స్ అది. తీసుకోలేదంటే నిచ్చెన ఎత్తనివ్వకండి. వీధిలో కరెంటు పోయినంత మాత్రాన సరిపోదు, ఎవరింట్లోనో ఇన్వర్టరో జనరేటరో సరిగా బిగించక వెనక్కి కరెంటు రావచ్చు. ఆ మనిషి ఇంటికి తిరిగి వెళ్ళాలి.

ఇప్పుడు కోత దగ్గరికి రండి. మానునుంచి కొమ్మ బయటికి వచ్చే చోట చుట్టూ కాస్త ఉబ్బుగా, ముడతలు పడి ఉంటుంది. దాన్ని నేను గాజు అంటాను. కానుగకు వేలితో తడిమితే తెలుస్తుంది, వేపకు బెరడు గరుకు వల్ల కళ్ళతో వెతకాలి. గాయాన్ని చుట్టుకుని మూసే కణజాలం పుట్టేది అక్కడే. గాజును మానుతో సమంగా చెక్కేస్తే గాయం మూసుకోవడం కష్టం, కోత వెడల్పూ పెరుగుతుంది. గాజుకు దూరంగా మూరెడు మొండెం వదిలేస్తే అది చచ్చి, పుచ్చి, ఆ పుచ్చు లోపలికి పాకుతుంది. గాజును వదిలి, దానికి ఆనుకుని బయట కోయాలి.

లావు కొమ్మకు మూడు కోతలు. మొదటిది గాజుకు మూరెడు బయట, కిందనుంచి పైకి, మూడో వంతు లోతు. రెండోది దానికి ఇంకో రెండు మూడు వేళ్ళు బయటికి, కొమ్మ చివరి వైపు, పైనుంచి. బరువంతా అక్కడే తెగి పడుతుంది, తోలు చీలికగా మాను మీదికి రాదు. మూడోది మిగిలిన మొండేన్ని గాజు అంచున తీయడం.

పోయినేడు చైన్‌సా పట్టుకున్న కుర్రాడికి ఇదంతా చెప్పబోయాను. చేతిలో మిషన్ ఆపి, “నాకు ఎర్కే అమ్మా. కిందకెల్లి కొయ్యకుంటే తోలు చీరుకుంట వస్తది. జల్ది జల్ది అంటే ఒక్క దెబ్బకే తీస్తం” అన్నాడు. వాళ్ళకు పని తెలుసు, లేనిది సమయం. అది మనం ఇవ్వగలం. బళ్ళు లేకుండా ఖాళీ చేసి, ఏ కొమ్మో ముందే చూపించి, మజ్జిగ చేతికిచ్చి “నిదానంగా కానివ్వు బాబూ” అంటే, అతను మూడు కోతలూ పెట్టాడు.

ఒక ఏడాదిలో పచ్చదనంలో నాలుగో వంతుకు మించి తీయనివ్వకండి. తీగల వైపు ఒక్కటే చెక్కుతూ పోతే చెట్టు అవతలికి ఒరుగుతుంది, అవతలి వైపు పొడుగాటి కొమ్మ ఒకటి కూడా తగ్గించమనండి. తురాయి కలప పెళుసు, దానికి మాత్రం ఏటా పొడుగు కొమ్మలు చూసుకోవాలి. గాయం మీద తారు, పెయింటు, పేడ ఏవీ వద్దు. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షిగో వేల చెట్లను నిలువునా కోసి చూశాడు. చెట్టు మనలాగా గాయాన్ని మాన్చుకోదు, పుచ్చు చుట్టూ గోడ కట్టి బంధిస్తుంది, పైన పూసిన పూత అందుకు సాయపడదు అని తేల్చాడు.

రోడ్డు మధ్య గన్నేరు, కాగితంపూల పొదలకు ఇంత చింత లేదు. యూటర్న్ దగ్గర నడుము ఎత్తు దాటనివ్వకుండా చూస్తే చాలు, దాటే పిల్లలు బండి నడిపేవాళ్ళకు కనబడతారు.

కొట్టిన మండలు ఆ రోజే ఎత్తించండి. మర్నాటికి అవి వరదకాలువ మూతి దగ్గరుంటాయి. తర్వాత మొదలు చుట్టూ సిమెంటు ఉందేమో చూడండి. చెట్ల చుట్టూ మీటరు మేర సిమెంటు తీసేయాలని 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ విషయంలో చెప్పింది, నా కాగితంలో ఆ వాక్యం కూడా రాస్తాను. రెండు నెలలకు కోత చుట్టూ లేత చిగుళ్ళు గుంపుగా వస్తాయి. వేలితో తోస్తే రాలిపోయేంత లేతగా ఉండగానే అందినవి తీసేయండి. బలంగా, విడిగా ఉన్నది ఒకటి రెండు ఉంచండి. మూడో కానుగకు నేను వదిలిన ఒక్క చిగురు ఇప్పుడు కొమ్మై మా గేటు మీదికి వచ్చింది, ఈ ఏప్రిల్‌లో పూసింది.