వీధి గోడ మీద రాత్రి జీవుల బొమ్మలు వేయడం ఎలా? (ముందు ఆ టార్చ్ ఆర్పండి)

ఈమధ్య విజయనగరంలో ఓ కాలనీ గోడ చూశాను. పిల్లలూ పెద్దలూ కలిసి వారం కష్టపడి ‘మన ఊరి రాత్రి జంతువులు’ అని వేశారు, మధ్యలో ఇంత పెద్ద రకూన్. అమెరికా జంతువు బాబూ అది! ఫోన్‌లో వెతికి దించేశారు. ఆ గోడ వెనకే ఉన్న చింతచెట్టు తొర్రలో గుడ్లగూబల జంట కాపురం ఉంటోంది, వాటిని పట్టించుకున్నవాడు లేడు. ఇప్పటికి ఏడు గోడలు వేయించాను కాబట్టి చెబుతున్నాను, బొమ్మ రాకపోవడం వల్ల గోడలు పాడవ్వవు, చూడకుండా వేయడం వల్ల పాడవుతాయి.

గోడ సంగతి త్వరగా చెప్పేస్తాను. ఓనరు చేత కాగితం మీద సంతకం పెట్టించుకోండి, నోటిమాట నమ్మొద్దు. గుడ్లగూబ బొమ్మ ఇంటికి అరిష్టం అని ఆ ఇంటి మామ్మగారు అంటే, లక్ష్మీదేవి వాహనం కదండీ అనండి, సగం మంది మెత్తబడతారు, మిగతావాళ్ల గోడ వదిలేయండి. పెచ్చులు గీకి, కడిగి, బాగా ఎండాక ప్రైమర్, దాని మీద బయటి గోడలకు వేసే ఎమల్షన్. డిస్టెంపర్ వేశారో, వానలకి కారిపోతుంది. తెలుపు, పసుపు, ఎరుపు, నీలం, నలుపు ఉంటే చాలు. కింద పరచడానికి పాత చీరలు. పని సంక్రాంతి తర్వాతే మొదలెట్టాలి. దసరా సెలవులు కదా అని అక్టోబరులో పెట్టుకుంటే ఒక పక్క పైడితల్లమ్మ సిరిమాను జాతర జనం, ఇంకో పక్క తుఫాను భయం. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబరులోనే వచ్చాయి.

ఇక అసలు పని, అందరూ చెడగొట్టేది: రాత్రి చూడ్డం.

కనీసం మూడు రాత్రులు, ఏడు నుంచి తొమ్మిది దాకా. నలుగురైదుగురు పిల్లలు, ఇద్దరు పెద్దవాళ్లు, అంతకు మించితే అది జాతర అవుతుంది. ముందే వీధివాళ్లకి చెప్పండి. మొదటిసారి మేం చెప్పలేదు, చీకట్లో గోడల వెంట తచ్చాడుతుంటే ఒకాయన కర్ర పట్టుకుని వచ్చి "ఏటి బాబూ, ఈయేళప్పుడు ఏటెతుకుతన్నారు?" అన్నాడు. గబ్బిలాలని చెబితే ఇంకా అనుమానపడ్డాడు. చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి, పాములు తిరిగే టైమది.

టార్చ్‌కి ఎర్ర జిలటిన్ కాగితం రెండు మడతలు చుట్టి రబ్బరు బ్యాండు వేయండి. తెల్ల లైటు కళ్లలో కొడితే జంతువు బెదురుతుంది, మీ కళ్లు కూడా మళ్లీ చీకటికి అలవాటు పడాలంటే ఇరవై నిమిషాలైనా పడుతుంది. ఆ లైటు కూడా నేల మీదకే. తొర్రలోకి వేయకూడదు, ఫ్లాష్‌తో ఫొటో తీయకూడదు, ఫోన్‌లో గుడ్లగూబ కూత పెట్టి పిలవకూడదు. నేలన పడిన గబ్బిలాన్ని ఉత్త చేత్తో ముట్టుకోకూడదు, కరిస్తే ప్రమాదం. ఇవన్నీ పిల్లలకి ఒకసారి చెబితే సరిపోదు, గేటు దాటే ముందు ప్రతి రాత్రీ చెప్పాలి.

కొన్ని ఎంత కాచుకున్నా కనిపించవు. మానుపిల్లి (చెట్లెక్కి తిరిగే పునుగు జాతి జంతువు) అటక మీద తిరిగిన చప్పుడు వినిపిస్తుంది, మనిషికి మాత్రం దొరకదు. దానికి ముగ్గుపిండి వాడండి. ప్రహరీ కంత దగ్గర జల్లెడ పట్టి పలచగా చల్లి వెళ్లి పడుకోండి. బియ్యప్పిండి వద్దు, తెల్లారేసరికి చీమలూ పందికొక్కులూ తినేస్తాయి, రాతి ముగ్గే మంచిది. మా వీధిలో ఓ పొద్దున్న ఆరింటికి మోకాళ్ల మీద కూర్చుని చూస్తే రెండు వరసల అడుగులున్నాయి. ఒకదానికి నాలుగు వేళ్లు, అది మామూలు పిల్లి. రెండోదానికి ఐదు, గోళ్ల గీతలతో సహా. మానుపిల్లి! తొమ్మిదేళ్ల పిల్ల ఒకతె అక్కడికక్కడే నోటుబుక్కులో ఆ ఐదు వేళ్లూ గీసుకుంది. గోడ మీద మేం దించింది ఆ బొమ్మే. ప్రొజెక్టర్ పెట్టి గీతలు దించే ఆర్టిస్టులకి ఈ సంగతి చెబితే నవ్వుతారు. నవ్వనివ్వండి, వాళ్ల బొమ్మలు ఏ ఊళ్లో అయినా ఒకేలా ఉంటాయి.

చూసింది అయ్యాక గీయడం ఎంతసేపు? పిల్లల నోటుబుక్కుల్లోంచి బొమ్మలు ఏరి బొగ్గుతో గోడ మీదకి పెంచండి, వంకరగా ఉంటే దిద్దకండి. గుడ్లగూబ కళ్లు మాత్రం నేను దగ్గరుండి చూస్తాను. తమలపాకు లాంటి తెల్లటి మొహం ఉన్నదానికి కళ్లు నల్లగా ఉంటాయి, చుక్కల చిన్నదానికి పసుపు. అందరూ అన్నింటికీ పసుపే పూసేస్తారు. రాత్రి ఆకాశానికి డబ్బాలోని నలుపు ఎత్తి కొట్టకండి, గబ్బిలం అందులో కలిసిపోతుంది. నీలంలో కాస్త ఎరుపు, చిటికెడు నలుపు కలపండి.

పూర్తయ్యాక ఎవరో ఒకరు గోడకి ఫోకస్ లైటు పెడదామంటారు, డబ్బులు కూడా వాళ్లే ఇస్తామంటారు. ఒక కాలనీలో నేను మొహమాటపడి ఊరుకున్నాను. వెలుగు సరిగ్గా చెట్టు తొర్ర మీద పడింది. నెల తర్వాత వెళ్లి చూస్తే గోడ మీద గుడ్లగూబ ఉంది, తొర్రలో లేదు.