గోష్ఠిగానం బాధ్యత మీ మీద పడితే

పుష్య బహుళ పంచమి, అంటే త్యాగరాజ ఆరాధన, దగ్గర పడుతోందంటే హైదరాబాద్‌లో సంగీతం నేర్చుకునే ప్రతి గుంపులోనూ ఒకే ప్రశ్న: త్యాగరాజు ఐదు పంచరత్న కృతులను అందరూ కలిసి పాడే గోష్ఠిగానాన్ని ఈసారి ఎవరు నడిపిస్తారు? టీచర్‌గారు మీ వైపు చూశారంటే ఇక తప్పించుకోలేరు. నేనూ గాత్రం విద్యార్థినే. నా లెక్క ఒకటే, మీ పక్కన కూర్చున్నవాళ్లు హాయిగా పాడగలిగితే మీరు బాగా నడిపించినట్టు. అదెలాగో నాకు తెలిసినంతలో చెప్తాను.

ముందు శ్రుతి విషయం, అంటే పాటకు ఆధారమైన 'స' ఎంత ఎత్తులో పెట్టుకోవాలన్నది. నడిపించేవాళ్లు తమ గొంతుకు తగ్గ శ్రుతి పెట్టేసుకుంటారు, మిగతావాళ్లు పై షడ్జం (పై 'స') దగ్గర మెడ నరాలు బిగించి పాడతారు. మామూలుగా ఆడవాళ్లకు ఐదు, ఐదున్నర శ్రుతి, మగవాళ్లకు ఒకటి, ఒకటిన్నర సుఖంగా ఉంటాయి (అంకె పెరిగితే ఎత్తు పెరుగుతుంది) కాబట్టి కలిసి పాడేటప్పుడు ఎవరో ఒకరు సర్దుకోక తప్పదు, ఆ సర్దుకునేవాళ్లలో మొదట మీరుండాలి. బాగా పైకి వెళ్లే చరణం ఒకటి తీసుకుని రెండు మూడు శ్రుతుల్లో అందరిచేతా పాడించండి. మీరు మాత్రం పాడొద్దు, వినండి. ఎవరు మాట మింగేస్తున్నారో, ఎవరు ఉత్తినే పెదాలు కదుపుతున్నారో అప్పుడే తెలుస్తుంది. శ్రుతి ఖాయమయ్యాక కూడా పై చరణాలు అందనివాళ్లుంటే, అవి అందేవాళ్లకే ఇచ్చి పల్లవికి అందరూ కలవండి, ఎవరికీ చిన్నతనం ఉండదు.

పెదాలు కదపడమంటే గుర్తొచ్చింది, ఐదింటిలో 'కన కన రుచిరా' రానివాళ్లు ఎప్పుడూ కొందరుంటారు. అది వరాళి రాగం, ఆ రాగాన్ని గురువు నేరుగా శిష్యుడికి నేర్పకూడదని పాత నమ్మకం ఒకటి ఉంది కదా, దాంతో చాలా చోట్ల ఆ కృతి వెనకబడిపోతుంది. "ఎవరికి రాదు?" అని నలుగురిలో అడిగితే ఎవరూ చెయ్యెత్తరు. విడివిడిగా అడగండి, నెల ముందే అడగండి.

అన్నిటికన్నా కష్టం పాఠాంతరం దగ్గర, అంటే ఒకే కృతిని ఒక్కో గురువు ఒక్కోలా నేర్పే తీరు దగ్గర వస్తుంది. "మా గురువుగారు ఇలాగే చెప్పారు" అని ఇద్దరు పట్టుపట్టారంటే ఆ రోజు రిహార్సల్ అయిపోయినట్టే. ఎక్కువమందికి వచ్చిన పాఠాంతరమే తీసుకోండి. మీకు ప్రాణమైన సంగతి (ఒకే పాదాన్ని స్వరాలు మార్చి పాడే వరస) అందులో లేకపోతే వదిలేయండి, మీ సొంత కచేరీలో తనివితీరా పాడుకోవచ్చు. చాపలు పరవడం, కుర్చీలు మోయడం ఎవరైనా చేస్తారు, ఫొటో కూడా పడుతుంది. సంగతి వదులుకుంటే ఎవరికీ కనపడదు, నా దృష్టిలో అసలు సేవ అక్కడుంది.

తీసుకున్న పాఠాంతరాన్ని పెద్ద అక్షరాలతో రాసి జిరాక్స్ తీయించండి. ఇదేమంత పని అనిపించొచ్చు. త్యాగరాజు కృతులు ఇన్ని మన దాకా వచ్చాయంటే వాలాజాపేట వెంకటరమణ భాగవతార్‌లాంటి శిష్యులు కూర్చుని రాసిపెట్టబట్టే. మన ఊళ్లో ఇంకో చిక్కుంది, తెలుగు చక్కగా మాట్లాడతారు గానీ చదవలేరు. అలాంటివాళ్లకు హిందీ లిపిలోనో ఇంగ్లిష్ అక్షరాల్లోనో రాసివ్వండి, తర్వాత పక్కన కూర్చుని ళ, ణ పలికించండి, ఎందుకంటే మామూలు హిందీ రాతలో ళ, ఇంగ్లిష్‌లో రెండూ కాగితం మీద సరిగ్గా దిగవు.

తాళం: ఐదూ ఆది తాళమే కదా అన్న ధీమాతో పాడితే చివరి కృతికి వచ్చేసరికి కాలం (పాట వేగం) పరుగెత్తుతుంది. తాళం నిలకడగా వేసే మనిషిని అందరికీ కనపడేలా కూర్చోబెట్టండి. ఆ మనిషి మీకన్నా జూనియర్ అయితే మీరూ ఆ చేతినే చూసి పాడండి. ఎవరైనా అపస్వరం పాడితే పేరు పెట్టి ఆపొద్దు, ఆ పాదం అందరిచేతా మళ్లీ పాడించి, మిగిలింది క్లాసయ్యాక చెప్పండి.

రిహార్సల్ చోటు మీ ఇంటికి దగ్గరగా కాకుండా అందరికన్నా దూరం నుంచి వచ్చేవాళ్లకు వీలుగా చూడండి. చిక్కడపల్లి అయితే త్యాగరాయ గానసభ ఉన్న ప్రాంతమే, మెట్రో కూడా ఉంది, మియాపూర్ నుంచి వచ్చే పిల్లయినా, దిల్‌సుఖ్‌నగర్ అంకుల్ అయినా ఎంజీబీఎస్‌లో లైను మారి టైముకి ఇల్లు చేరతారు.

పనుల పంపకం దగ్గర కాస్త జాగ్రత్త. పూలు, ప్రసాదం అమ్మాయిలకు, మైకు, వేదిక అబ్బాయిలకు అని అలవాటుగా రాసేస్తాం. తమిళనాడులోని తిరువయ్యారులో త్యాగరాజు సమాధి శిథిలమైపోతుంటే సొంత డబ్బుతో గుడి కట్టించింది బెంగుళూరు నాగరత్నమ్మ. అక్కడి ఆరాధనలో ఆడవాళ్లను పాడనివ్వని రోజులవి. ఆవిడ పోరాడి ఆ తలుపు తెరిపించింది. ఆవిడ కట్టించిన చోట జరిగే పండగని ఇక్కడ మనం చేసుకుంటూ అమ్మాయిలను వంటింటి వైపు తోయడం నాకు నచ్చదు. చీటీలు వేయండి.

అన్నీ మీరే చేసెయ్యకండి కూడా. తంబూరా యాప్‌కి ఫోన్ చార్జింగ్ నుంచి ఆటో బేరం దాకా నెత్తిన వేసుకుని సాధన మానేస్తే ఆ రోజు మీ గొంతే పలకదు, గుంపు మీ మీద ఆనుకోవడానికి ఏమీ ఉండదు. పొద్దున గంట సాధన ఎవరికీ ఇవ్వొద్దు, ఆ గంట ఫోన్ పక్కన పడేయండి.

ఆరాధన అయ్యాక మృదంగం అబ్బాయికి ఆటో డబ్బులు ఆ సాయంత్రమే ఇచ్చేయండి, చాపలు ఎవరివి వాళ్లకు చేర్చండి. వచ్చే ఏడు నడిపించబోయేవాళ్లకు శ్రుతి, పాఠాంతరం, ఎవరికి ఏ కృతి రాదు అన్న వివరాలు రాసిన నోట్‌బుక్ అప్పుడే ఇచ్చేయండి, సంక్రాంతి మళ్లీ వచ్చేదాకా మీ అల్మారాలో పెట్టుకోకండి.