అరుదుగా నడిచే పాత ట్రాక్టరుకు ఇంజిన్ ఆయిల్ మార్చే ముందు జాగ్రత్తలు

ఏడాదిలో దుక్కికి, దమ్ముకు నాలుగు రోజులు మాత్రమే బయటికి తీసే ట్రాక్టరులో, ఇంజిన్ తగినంత వేడెక్కక లోపలి తేమ ఆయిల్‌లోనే నిలిచి బేరింగులను తినేస్తుంది కనుక, గంటల మీటరు ఎంత తక్కువ చూపినా ఏడాదికొకసారి ఆయిల్, ఫిల్టరు రెండూ మార్చాలి.

ముందుగా, స్టార్ట్ చేయకుండానే డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తీసి, ఆయిల్‌ను వేళ్ల మధ్య రుద్ది చూడండి. అది మజ్జిగ కలిసినట్టు తెల్లగా ఉంటే నీరు చేరినట్టు. పలుచబడి, డీజిల్ వాసన వస్తూ, మట్టం పై గీతను దాటితే పంపు నుంచో ఇంజెక్టర్ల నుంచో డీజిల్ దిగుతున్నట్టు. ఏది కనిపించినా మెకానిక్‌కు చూపించే వరకు ఇంజిన్ తిప్పవద్దు. ఎంత ఖరీదైన ఆయిల్ పోసినా ఆ లోపం పోదు.

ఆయిల్ గ్రేడుకు, అంటే చిక్కదనానికి, కంపెనీ పుస్తకమే ప్రమాణం. మన ఎండలకు పాత డీజిల్ ఇంజిన్లలో సాధారణంగా 20డబ్ల్యూ-40 గానీ 15డబ్ల్యూ-40 గానీ వాడతారు. డబ్బా మీద సీఎఫ్-4, సీఐ-4 వంటి డీజిల్ గుర్తు ఉండాలి. పొగ వస్తోందని మరీ చిక్కటి ఆయిల్ పోయడం నాకు సమ్మతం కాదు, చలి ఉదయాన అది ఇంజిన్ పైభాగానికి ఆలస్యంగా చేరుతుంది.

పాత ఆయిల్ దించే డ్రెయిన్ బోల్టుకు కొత్త రాగి వాషరు వేయండి. ఆయిల్ పోశాక, ఇంజిన్‌కు డీజిల్ ఆపే స్టాప్ నాబ్ లాగి పట్టి, సెల్ఫ్‌ను కొన్ని సెకన్లు తిప్పి, ఆయిల్ ప్రెషర్ గేజి ముల్లు కదిలాకే స్టార్ట్ చేయాలి.