పాత దస్తావేజులు, తొలినాటి ఫోటోలు, అరుదైన పుస్తకాలు: సీమలో సేకరించడం ఎలా?

1984లో ఊరి భూమి లెక్కలు రాసే కరణం ఉద్యోగాలు రద్దయ్యాయి. సర్కారు లెక్కలు ప్రభుత్వానికి అప్పజెప్పినా, ఆ ఇళ్ళ అటకల మీద కుటుంబాల సొంత కాగితాలు ట్రంకు పెట్టెల్లో అట్లే ఉండిపోయాయి. క్రయపత్రాలు, భాగపంపకాల కాగితాలు, ఉత్తరాలు, పంచాంగాలు, పెళ్ళి ఫోటోలు. ఇప్పుడు కడప, కర్నూలు, అనంతపురంలో పాత మిద్దెలు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కడుతుంటే ఆ పెట్టెలు కిందికి దిగుతున్నాయి. పెట్టెను ఎవరో ఒకరు ఉంచుకుంటారు. లోపలి కాగితం మాత్రం కిలోల లెక్కన గుజిరీ అంగడికి పోతుంది. సేకరణ మొదలుపెట్టాలనుకునేవాళ్ళు ఇంకో పదేళ్ళు ఆగితే ఇంత దొరకదు.

ముందు హద్దు గీసుకోండి

"పాతదైతే చాలు" అనుకుంటే ఏడాదిలో ఇల్లు నిండుతుంది, చేతిలో డబ్బు అయిపోతుంది, చివరికి ఇంట్లోవాళ్ళతో గొడవ. ఒక ఊరో, ఒక తాలూకానో, ఒక రకం కాగితమో ఎంచుకోండి. సురభి నాటకాలు పుట్టింది కడప జిల్లాలోనే, 1885లో. ఆ సమాజాల కరపత్రాలు, టికెట్లు ఒక్కటే పట్టుకున్నా జీవితానికి సరిపడా పని. 1953 అక్టోబరు 1 నుంచి మూడేళ్ళు కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. గుడారాల్లో ఆఫీసులు నడిచిన రోజులు అవి. అప్పటి ఆహ్వాన పత్రికలు, గుర్తింపు కార్డులు, రసీదులు ఇప్పటికీ చాలామంది పనికిరాని కాగితాలనే అనుకుంటారు. అనంతపురంలో పప్పూరు రామాచార్యులు 1926లో మొదలుపెట్టిన 'సాధన' పత్రిక సంచికలు ఇంకో దారి. ఆదోని, ప్రొద్దుటూరు వ్యాపారుల బిల్లులు, పద్దు పుస్తకాలు మరో దారి.

నన్నడిగితే సొంత తాలూకాతో మొదలుపెట్టమంటాను. చేన్ల పేర్లు, ఇంటిపేర్లు, వంకల పేర్లు మీకు తెలుసు కాబట్టి, హైదరాబాదు నుంచి వచ్చిన పండితుడికి అర్థం కాని కాగితం మీకు అర్థమవుతుంది.

జిల్లాల పాత హద్దులు తెలుసుకోకుండా బయల్దేరొద్దు. 1882కి ముందు అనంతపురం జిల్లానే లేదు, అదంతా బళ్ళారి జిల్లా. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మదనపల్లె కడప కింద ఉండేది. బనగానపల్లె 1948 దాకా నవాబుల సంస్థానం. ఇవి తెలియకపోతే "బళ్ళారి జిల్లా" అని రాసున్న గుత్తి కాగితాన్ని మనది కాదని పక్కన పడేస్తారు. గ్రిబుల్ రాసిన కడప మాన్యువల్ (1875), నరహరి గోపాలకృష్ణమ చెట్టి రాసిన కర్నూలు మాన్యువల్ (1886), ఫ్రాన్సిస్ రాసిన అనంతపురం గెజిటీర్ (1905), ఈ జిల్లా వివరాల పుస్తకాల స్కాన్ ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా చదువుకోవచ్చు.

ఎక్కడ దొరుకుతాయి, ఎట్లా అడగాలి

గుజిరీ అంగడి యజమానితో స్నేహం అన్నిటికంటే ముఖ్యం. "అన్నా, చేతిరాత కాగితాలు, నల్లబడిన ఫోటోలు, అట్ట ఊడిపోయిన పుస్తకాలు వస్తే పక్కన పెట్టు, కిలో రేటు మీద ఎక్కువే ఇస్తా" అని చెప్పి నంబరు ఇచ్చి రండి. వారానికోసారి కనపడండి. మీరు అడిగే రకం ఆయనకు అర్థమయ్యేదాకా దొరికినవాటిలో కొన్ని పనికిరానివి కూడా కొనాలి, తప్పదు. పాత పుస్తకాలమ్మేవాళ్ళు, ఫోటోలకు ఫ్రేములు కట్టేవాళ్ళు, మూతపడిన స్టూడియోల వారసులు ఆ తరువాత. ఫ్రేము కట్టేవాళ్ళను తక్కువగా చూడొద్దు. కొత్త ఫ్రేము వేయించుకున్నవాళ్ళు లోపలి పాత అట్టను ఆయన దగ్గరే వదిలేసి పోతారు, స్టూడియో పేరు ఉండేది ఆ అట్ట మీదే.

ఇళ్ళకు పోయేటప్పుడు ఆ ఊరివాళ్ళనే ఎవరినైనా వెంటబెట్టుకోండి. మొదటి రోజే బేరం పెట్టొద్దు.

"ఎందుకు నాయనా ఈ చెత్త?"

"చెత్త కాదవ్వా, మీ మామగారి చేతిరాత ఇది. ఇక్కడే కూర్చుని ఫోన్లో ఫోటో తీసుకుంటా, కాగితం మీ దగ్గరే ఉండనీ."

ఇట్లా అంటే అవ్వ ఇంకో రెండు మూటలు తానే దించుతుంది. అసలు ప్రతి మీ చేతికి రాకపోయినా నష్టం లేదు, అందులోని సమాచారం దొరికింది కదా.

భూమి కాగితాల దగ్గర మాత్రం ఒక మాట తప్పకుండా అడగండి: "దీని మీద ఏమైనా కేసు నడుస్తోందా?" మనవైపు భూమి తగాదాలు మూడు తరాలు నడుస్తాయి. 1920ల నాటి క్రయపత్రం మీకు చరిత్ర, దాయాదులకు అది సాక్ష్యం. అట్లాంటిది కొనొద్దు, తెచ్చుకోవద్దు, ఫేస్‌బుక్కులో అసలు పెట్టొద్దు. అడంగల్, చిట్టా లాంటి గ్రామ లెక్కలు ఎవరైనా అమ్మజూపినా అవి ప్రభుత్వానివి, మనకొద్దు. లైబ్రరీ ముద్ర ఉండి, రద్దు చేసినట్టు ముద్ర లేని పుస్తకమూ అంతే.

దొరికిన చోటే రాసుకోండి

సేకరణలో సగం విలువ ఇక్కడే పోతుంది. కాగితం చేతికొచ్చిన రోజే ఒక రిజిస్టరులో రాయాలి: ఏ ఊరు, ఏ ఇల్లు, ఎవరిచ్చారు, ఏ పెట్టెలో, ఏ కాగితాలతో కలిసి కట్టి ఉంది, ఎంతిచ్చాం. కట్టను విప్పేముందు ఉన్నదున్నట్టు ఫోటో తీయండి. ఆ కట్టలో బాగున్న నాలుగు ఏరుకుని మిగతావి వదిలేస్తే, ఆ నాలుగూ అనాథలవుతాయి. క్రయపత్రం పక్కన ఉన్న మామూలు ఉత్తరమే ఆ భూమి ఎందుకు అమ్మారో చెప్పొచ్చు.

కంపెనీ కాలపు సర్వే అధికారి కల్నల్ మెకంజీ మనుషులు, కావలి సోదరులు ఊరూరా తిరిగి తెచ్చిన కైఫీయత్తులు (గ్రామ చరిత్రలు) రెండు వందల ఏళ్ళ తరువాత కూడా పనికొస్తున్నాయంటే, ప్రతిదీ ఫలానా గ్రామానిది అని తెలియడమే పెద్ద కారణం. కడపలో కాపురమున్న బ్రౌన్ దొర ఒక్క కావ్యానికి వేర్వేరు చోట్ల నుంచి అనేక ప్రతులు తెప్పించి, పండితులను కూర్చోబెట్టి పోల్చి చూపించాడు. ఎర్రముక్కపల్లెలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఆయన బంగళా ఉన్న స్థలంలోనే వెలిసింది. ఒకసారి పోయి తాళపత్రాలు ఎట్లా కడతారో, ఎట్లా భద్రపరుస్తారో చూసి రండి.

తేదీ తేల్చడం

చాలా కాగితాల మీద ఇంగ్లీషు సంవత్సరం ఉండదు. ఒక స్టాంపు కాగితం మీద "ధాత నామ సంవత్సర కార్తీక శుద్ధ పంచమి" అని ఉందనుకుందాం. ధాత అరవై ఏళ్ళకోసారి వస్తుంది: 1876, 1936, 1996. ఇప్పుడు కాగితం పైన ముద్ర చూడండి. రాణి బొమ్మ ఉంటే 1876, రాజు బొమ్మ ఉంటే 1936. విక్టోరియా 1901 దాకా, ఏడో ఎడ్వర్డ్ 1910 దాకా, ఐదో జార్జి 1936 జనవరి దాకా, ఆ ఏడాది డిసెంబరు దాకా ఎనిమిదో ఎడ్వర్డ్, ఆ తరువాత ఆరో జార్జి. రాజు పోయినా పాత ముద్ర కాగితాలు కొన్నాళ్ళు చెల్లుబాటవుతాయి కాబట్టి ఒకటి రెండేళ్ళు అటూ ఇటూ వదలండి. కాగితం వెనక్కి తిప్పితే స్టాంపు వెండరు రాసిన అమ్మకం తేదీ, కొన్నవాడి పేరు ఉంటాయి. చాలామంది ఆ వెనకవైపు స్కానే చేయరు!

"ఫసలీ 1286" అని ఉంటే 590 కలపండి: 1876 జులైలో మొదలైన రెవెన్యూ సంవత్సరం. శాలివాహన శకం 1798 అంటే 78 కలపాలి, మళ్ళీ 1876. మూడూ ఒకేచోటికి వస్తే కాగితం మీద నమ్మకం కుదురుతుంది. మన ఉదాహరణలో ఇంకో సంగతి కూడా బయటపడుతుంది. ధాత, ఈశ్వర సంవత్సరాలంటే సీమను ఊడ్చిపెట్టిన 1876-78 కరువు. ఆ ఏడాది కార్తీకంలో నాలుగెకరాలు కారుచౌకగా అమ్మిన రైతు కాగితం దొరికితే, ధర ఎందుకు అంత తగ్గిందో వేరే చెప్పక్కర్లేదు.

పుస్తకాలకు తేదీ తేల్చడం సులువు. ముఖపత్రం పోయినా ధర ఉంటే చాలు. "రూ. 1-8-0" అని అణాల్లో ఉంటే, నయాపైసలు వచ్చిన 1957 ఏప్రిల్‌కు ముందుదని దాదాపు చెప్పొచ్చు. ప్రథమ ముద్రణా, ఎన్నో ముద్రణా అన్నది చూసుకోండి. అట్ట పాడైన మొదటి ముద్రణను కొత్త బైండింగుకు ఇవ్వొద్దు. బైండరు అంచులు కోసేస్తాడు, ఆ అంచుల్లోనే పాత పాఠకుడి రాతలు ఉంటాయి.

ఫోటోలు చూసే పద్ధతి

కిటికీ దగ్గర కూర్చుని, ఫోటోను ఏటవాలుగా పట్టుకుని, పదింతలు పెంచే భూతద్దంతో చూడండి. చుక్కలు చుక్కలుగా కనిపిస్తే అది అచ్చు బొమ్మ, ఫోటో కాదు. పల్చటి కాగితం మందపాటి అట్టకు అతికించి, తెల్లగా ఉండాల్సిన చోట గుడ్డు సొన రంగు పసుపు వచ్చి, సన్నటి పగుళ్ళు కనిపిస్తే అది ఆల్బ్యుమెన్ ప్రింటు. నిజంగానే గుడ్డు తెల్లసొనతో చేసే పద్ధతి అది, 1850 నుంచి 1900 దాకా నడిచింది. నల్లని భాగాల అంచుల్లో అద్దంలా నీలిమెరుపు మెరిస్తే జెలటిన్ సిల్వర్, 1880ల తరువాతి పద్ధతి. ఆ మెరుపును తుడవబోకండి, వెండి పైకి తేలడం వల్ల వచ్చింది అది.

నకిలీలు పట్టుకోవడానికి నోట్లు చూసే చిన్న అతినీల లైటు చాలు. చీకట్లో వేస్తే తెల్లగా, నీలంగా వెలిగిపోయే ఫోటో కాగితం సుమారు 1950ల తరువాతిది. చేతిరాత కాగితాల్లో మడత దగ్గర చూడండి. సిరా మడత పగుళ్ళలోకి పాకి ఉంటే, కాగితం పాతబడ్డాక రాశారన్నమాట. పాత ఖాళీ స్టాంపు కాగితాల మీద కొత్తగా రాసి అమ్మేవాళ్ళున్నారు.

ఒక మాట. కరువు ఫోటోలు, చనిపోయినవాళ్ళను కూర్చోబెట్టి తీసిన ఫోటోలు దొరుకుతాయి. 1876-78 కరువులో హూపర్ అనే సైనికాధికారి తీసిన ఫోటోల మీద అప్పుడే విమర్శలు వచ్చాయి. అట్లాంటివి దాచండి, వివరాలు రాయండి. లైకుల కోసం పెట్టకండి.

చట్టం ఏమంటుంది

1972 నాటి పురావస్తు, కళానిధుల చట్టం ప్రకారం చారిత్రక, సాహిత్య విలువ ఉన్న రాతప్రతులు, దస్తావేజులు 75 ఏళ్ళు దాటితే పురావస్తువులే. ఇంట్లో ఉంచుకోవడం తప్పు కాదు. లైసెన్సు లేకుండా వీటితో వ్యాపారం చేయడం, సొంతంగా విదేశాలకు పంపడం నేరం. బొమ్మలున్న రాతప్రతులైతే రిజిస్టరు చేయించాలి. అమెరికాలో ఉన్న అల్లుడికి కానుకగా పంపుదామనుకునేవాళ్ళు ఈ పేరా ఇంకోసారి చదవండి.

ఇంట్లో దాచడం

సెల్లోటేపు, లామినేషన్, ఫెవికాల్: ఈ మూడూ ఇంట్లోకి రానివ్వకండి. లామినేషన్ చేయించిన దస్తావేజును మళ్ళీ బయటికి తీయడం దాదాపు అసాధ్యం. కొత్తగా వచ్చిన కట్టను నెల రోజులు వేరే గదిలో పెట్టి పురుగు ఉందేమో చూశాకే మిగతావాటితో కలపండి. దుమ్మును మెత్తటి బ్రష్షుతో మధ్యనుంచి అంచులకు దులపండి. నంబరు వేయాలంటే పెన్సిలుతో, వెనక, మూలన. తాళపత్రాల మూటలో పెద్దలు వసకొమ్ము పెట్టేవాళ్ళు, అది ఇప్పటికీ మంచి పద్ధతే. ఆకులకు నిమ్మగడ్డి నూనె రాయడం మాత్రం తెలిసినవాళ్ళ దగ్గర నేర్చుకున్నాకే.

మిద్దె పైన రేకుల గదిలో పెట్టొద్దు. మన ఎండకు కాగితం అప్పడంలా విరుగుతుంది. నేల మీదా వద్దు. 2009 అక్టోబరులో తుంగభద్ర కర్నూలును ముంచినప్పుడు కింది అంతస్తుల్లో కాగితమన్నది మిగల్లేదు. మధ్య గదిలో, గోడకు కాస్త ఎడంగా, నేలనుంచి ఎత్తుగా బీరువా పెట్టుకోండి. ఎప్పుడైనా తడిస్తే ఎండలో వేయొద్దు, అంటుకున్న పేజీలను లాగొద్దు. నీడలో ఫ్యాను గాలికి ఆరబెట్టండి. కట్టలు మరీ ఎక్కువుంటే ప్లాస్టిక్ సంచుల్లో కట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, తరువాత ఒక్కొక్కటి తీసి ఆరబెట్టొచ్చు. పాత ఫోటోలను, గాజు నెగెటివ్‌లను మాత్రం ఫ్రీజర్‌లో పెట్టకండి.

స్కానింగు: కాగితాలకు 300, ఫోటోలకు 600 డీపీఐ, రెండు వైపులా. ఫైలు పేరులో ఊరు, సంవత్సరం, రిజిస్టరు నంబరు ఉండాలి. ఒక కాపీ మీ దగ్గర, ఒకటి వేరే ఊళ్ళో ఉన్న బంధువు దగ్గర, ఒకటి కాగితమిచ్చిన కుటుంబానికి పెన్‌డ్రైవ్‌లో. ఆ పెన్‌డ్రైవ్ తీసుకుని పోయినప్పుడే ఫోటోలోని మనుషుల పేర్లు వరసగా చెప్పించుకుని రాసుకోండి. పేర్లు తెలిసిన ఆ పెద్దావిడకు ఎనభై దాటి ఉంటాయి, పండగ తరువాత చూద్దామని వాయిదా వేయొద్దు. అట్లాగే మీ తరువాత ఈ బీరువా ఎవరికో, ఏ గ్రంథాలయానికో రిజిస్టరు మొదటి పేజీలోనే రాసి, ఇంట్లోవాళ్ళకు చూపించి పెట్టండి.