చలికాలం ఘాట్ ఎక్కే బండికి వేడి గ్రిప్పులు

నర్సీపట్నం నుంచి చింతపల్లికి సుమారు 50 కిలోమీటర్లు. డౌనూరు దాటి ఘాట్ అందుకున్నాక మలుపు మలుపుకూ చలి పెరుగుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో లంబసింగి దగ్గర ఉష్ణోగ్రత సున్నాకు చేరువగా పడిపోయే తెల్లవారుజాములు ఉంటాయి. నేను బడికి వెళ్లేది ఆ దారిలోనే, ఆ వేళలోనే. బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411. దాని హ్యాండిల్‌కు వేడి గ్రిప్పులు, అంటే కరెంటుతో వెచ్చబడే రబ్బరు పిడులు, నా చేతులతో నేనే బిగించుకున్నాను. చాలామంది వీటిని షోకు అనుకుంటారు. నేను మాత్రం బ్రేకుల తర్వాతి స్థానం వీటికే ఇస్తాను.

ఎందుకో చెబుతాను. గాలిలో వేడి 5 డిగ్రీలు ఉందనుకుందాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తే, వాతావరణ శాఖలు వాడే గాలి చలి సూత్రం ప్రకారం, ఒంటికి తగిలే చలి సున్నాకు రెండు డిగ్రీలు దిగువన ఉన్నంత ఉంటుంది. ఆ గాలి ముందుగా తాకేది వేళ్లనే. ఒళ్లు చల్లబడగానే శరీరం గుండె, ఊపిరితిత్తుల వేడిని కాపాడుకోవడానికి చేతులకు వెళ్లే రక్తాన్ని తగ్గిస్తుంది. ఇక వేళ్లు మొద్దుబారిపోతాయి. బ్రేకు లివరును ఎంత గట్టిగా నొక్కుతున్నామో తెలియదు, క్లచ్ సగంలో ఆగిందో పూర్తిగా వదిలామో తెలియదు. మంచులో ఎదురుగా జీపు వచ్చినప్పుడు ఆ కొద్దిపాటి స్పర్శే మనిషిని కాపాడేది.

ఈ గ్రిప్పుల లోపల ఉండేది సన్నని వేడి తీగ. కరెంటు పారితే వేడెక్కుతుంది. 12 వోల్టుల సెట్టు పూర్తి వేడిలో దాదాపు 4 ఆంపియర్లు, అంటే 50 వాట్ల వరకు తీసుకుంటుంది. హిమాలయన్ హెడ్‌లైటు 60/55 వాట్లది. అంటే బండికి మరో హెడ్‌లైటు తగిలించినంత భారం. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు హెడ్‌లైటు ఆర్పే వీలు లేదు కాబట్టి అసలు హెడ్‌లైటు భారం ఎలాగూ ఉంటుంది. దానిపై అదనపు లైట్లు, ఫోను చార్జరు కూడా పెట్టుకున్నవారు గ్రిప్పులు కొనే ముందు తమ బండి జనరేటర్ ఎన్ని వాట్లు ఇస్తుందో పుస్తకంలో చూసుకోవాలి. లెక్క కుదరకపోతే అదనపు లైట్లు తీసేయండి. వోల్టులు, తీగ నిరోధం కొలిచే మల్టీమీటర్ ఉంటే మరీ తేలిక. ఇంజను కాస్త వేగంగా తిరుగుతుండగా బ్యాటరీ కొనల దగ్గర 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్య చూపించాలి. గ్రిప్పులు పూర్తిగా వేశాక 13 కంటే కిందికి దిగితే బ్యాటరీ చార్జి కావడం లేదు, తరిగిపోతోంది.

కొనేటప్పుడు చూడవలసినవి రెండే. ఒకటి కొలత. మామూలు హ్యాండిల్ గొట్టం 22 మిల్లీమీటర్లు. ఎడమ గ్రిప్పు నేరుగా దాని మీదికి వెళ్తుంది. కుడిది యాక్సిలరేటర్ ప్లాస్టిక్ గొట్టం మీదికి వెళ్లాలి కాబట్టి దాని లోపలి వ్యాసం పెద్దది. పొడవు కూడా పాత గ్రిప్పుతో సరిపోవాలి. రెండోది స్విచ్చు. వేడిని నాలుగైదు మెట్లుగా మార్చుకునే వీలున్నది తీసుకోండి. ఉంటే పూర్తి వేడి, లేకపోతే ఆర్పడం అనే రకం ఘాట్ మీద పనికిరాదు. కాసేపటికి అరచేయి మండుతుంది, ఆర్పితే మళ్లీ గడ్డకడుతుంది.

పనిముట్లు పెద్దగా అక్కరలేదు. అలెన్ కీలు, పదునైన బ్లేడు, ఆకురాయి, గరుకు కాగితం, స్పిరిట్, సూపర్ గ్లూ, జిప్ టైలు, హీట్ ష్రింక్ గొట్టం (వేడి తగిలితే ముడుచుకుని బిగిసే ప్లాస్టిక్ తొడుగు), ఒక రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును వేసి ఆర్పే స్విచ్చు), 7.5 ఆంపియర్ల ఫ్యూజు, మల్టీమీటర్. పని ఎండపూట పెట్టుకోండి. చల్లటి రబ్బరు గట్టిగా ఉండి మాట వినదు.

ఏదీ విప్పకముందే కొత్త గ్రిప్పులను బల్ల మీద పెట్టి మల్టీమీటర్‌తో చూడండి. నా సెట్టులో ఒక్కోదాని నిరోధం ఆరు ఓమ్‌ల దగ్గర చూపించింది. రెండూ దాదాపు ఒకే అంకె చూపించాలి. ఒకటి ఏమీ చూపించకపోతే లోపల తీగ తెగినట్లే. అతికించాక ఆ సంగతి తెలిస్తే చేసేదేమీ ఉండదు, కోసి తీయాల్సిందే. అదే కూర్చున్న చోట నుంచి గ్రిప్పులను బ్యాటరీకి ఒక నిమిషం తగిలించి రెండూ వెచ్చబడుతున్నాయో లేదో చేత్తో పట్టుకుని చూడండి.

తర్వాత బ్యాటరీ నెగటివ్ తీగ ముందు విప్పండి. పని అంతా అయ్యాక దాన్నే చివరగా బిగించాలి. హ్యాండిల్ చివరి బరువులు తీసి, పాత ఎడమ గ్రిప్పును బ్లేడుతో నిలువునా కోసి ఊడదీయవచ్చు. కుడి వైపు మాత్రం బ్లేడు లోతుగా దించకండి, కింద ఉన్నది ప్లాస్టిక్. రబ్బరు అంచు కింద సన్నని స్క్రూ డ్రైవరు దూర్చి కొంచెం సబ్బు నీళ్లు పోసి, మెలితిప్పుతూ లాగితే వస్తుంది. నూనె మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వాడవద్దు. మిగిలిన జిడ్డు కొత్త గ్రిప్పును జార్చేస్తుంది.

కుడి ప్లాస్టిక్ గొట్టం మీద చాలా బండ్లకు ఉబ్బెత్తు గీతలు ఉంటాయి. పాత రబ్బరు జారకుండా అవి పట్టుకునేవి. కొత్త గ్రిప్పుకు అవి అడ్డం. ఆకురాయితో కొద్దికొద్దిగా అరగదీసి, గరుకు కాగితంతో నున్నగా చేసి, ప్రతిసారీ గ్రిప్పు వేసి చూడండి. చేత్తో నొక్కితే బిగువుగా వెళ్లాలి. సుత్తితో కొట్టాల్సి వస్తే ఇంకా అరగదీయాలి. కొడితే లోపలి వేడి తీగ విరుగుతుంది.

ఇప్పుడు అసలు పని. కుడి గ్రిప్పు నుంచి బయటికి వచ్చే తీగ యాక్సిలరేటర్‌తో పాటు తిరుగుతుంది. అది బ్రేకు లివరుకో, స్విచ్చుల డబ్బాకో తట్టుకుంటే యాక్సిలరేటర్ వెనక్కి రాదు. ఘాట్ దిగుతూ చేయి వదిలినా ఇంజను గర్జిస్తూనే ఉంటుందంటే అర్థం ఏమిటో చెప్పనక్కరలేదు. అందుకే జిగురు ముట్టుకునే ముందు గ్రిప్పును పొడిగా వేసి, తీగ ఏ మూల నుంచి వస్తే బాగుంటుందో వెతకాలి. యాక్సిలరేటర్ మూసి ఉన్నప్పుడు నా బండికి తీగ వెనుక కింది వైపు ఉంటుంది. పూర్తిగా తిప్పినప్పుడు ముందు కింది వైపుకు వెళ్తుంది. మొత్తం ప్రయాణం హ్యాండిల్ అడుగునే జరుగుతుంది, ఎక్కడా లివరును తాకదు, బొటనవేలికీ అడ్డం రాదు. అలాంటి చోటు దొరికాక గ్రిప్పు మీద, స్విచ్చుల డబ్బా మీద కలిసేలా ఒక గీత గీసుకోండి. గ్రిప్పు అంచుకూ డబ్బాకూ మధ్య ఒక గోరు దూరేంత సందు కూడా వదలాలి. రాసుకుంటే యాక్సిలరేటర్ బరువెక్కుతుంది.

గొట్టాన్ని స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి. సూపర్ గ్లూ పట్టుకోవడానికి క్షణాలే పడుతుంది కాబట్టి అన్నీ చేతికి అందేలా పెట్టుకుని, జిగురు పలచగా రాసి, ఒకే ఊపులో తోసి, గీతలు కలపండి. ఆగి ఆలోచిస్తే అక్కడే అతుక్కుపోతుంది. ఆ తర్వాత ఎడమది. అక్కడ హ్యాండిల్ ఇనుప గొట్టం వేడిని పీల్చేస్తుంది, కుడి వైపు ప్లాస్టిక్ ఆపుతుంది. అందుకే ఎడమ చేయి ఎప్పుడూ ఒక మెట్టు చల్లగా ఉన్నట్టు అనిపిస్తుంది. లోపల చోటుంటే ఎడమ గొట్టం మీద ఒక పొర హీట్ ష్రింక్ తొడిగి, దాని మీద గ్రిప్పు ఎక్కించండి. తేడా చాలావరకు తగ్గుతుంది.

వైరింగ్ దగ్గర మా ఊళ్లో బండ్ల ఎలక్ట్రీషియన్ కుర్రాడు నాకు ఒక సలహా ఇచ్చాడు. "మాస్టారూ, హారన్ వైరు నుంచి లాగేద్దాం, అయిదు నిమిషాల పని." నేను ఒప్పుకోలేదు. "వద్దు నాయనా, ఆ సన్నని వైరు 4 ఆంపియర్లు గంటల తరబడి మోయలేదు, పైగా ఫ్యూజు పోతే మలుపులో హారన్ మూగబోతుంది" అన్నాను. ఇద్దరం కూర్చుని రిలే పెట్టాం. పద్ధతి ఇది. బ్యాటరీ పాజిటివ్ నుంచి 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, జానెడు దూరం లోపే ఫ్యూజు, అక్కడ నుంచి రిలే 30 నంబరు కాలికి (పిన్నుకు). 87 నంబరు నుంచి గ్రిప్పుల స్విచ్చుకు. 85 నంబరు బ్యాటరీ నెగటివ్‌కు. 86 నంబరుకు మాత్రం తాళం తిప్పినప్పుడే కరెంటు వచ్చే తీగ కావాలి. నేను వెనుక లైటు తీగ నుంచి తీసుకున్నాను. రిలే లోపలి తీగ చుట్టకు ఆంపియరులో చిన్న భాగం చాలు, ఆ తీగకు ఏ భారమూ ఉండదు. గ్రిప్పుల నెగటివ్ తీగ కూడా నేరుగా బ్యాటరీకే వెళ్లాలి. రంగు వేసిన ఇనుముకు తగిలించి వదిలేయకండి.

రిలే ఎందుకింత అవసరం? హిమాలయన్ బ్యాటరీ 8 ఆంపియర్-అవర్ల చిన్నది. గ్రిప్పులు ఆర్పడం మరచి తాళం తీసేసి టీ తాగడానికి వెళ్తే, నేరుగా బ్యాటరీకి కలిపిన గ్రిప్పులు దాన్ని పీల్చుతూనే ఉంటాయి. గంట తర్వాత సెల్ఫ్ తిరగదు. ఆ బండికి కిక్ కూడా లేదు. రిలే ఉంటే తాళంతో పాటే అన్నీ ఆరిపోతాయి. తీగల అతుకులకు టంకం వేసి హీట్ ష్రింక్ తొడగండి. నల్ల టేపు ఒక్కటే చుడితే వానాకాలం నాటికి జిగురు కారి ఊడిపోతుంది. వారంటీలో ఉన్న బండి అయితే కంపెనీ వైరింగును కోయకుండా, ఫ్యూజు గూట్లో అమర్చే అడాప్టరు వాడుకోండి.

తీగలను క్లచ్ కేబుల్, బ్రేకు గొట్టం వెంట నడిపి జిప్ టైలతో కట్టండి. కుడి గ్రిప్పు మొదట్లో మాత్రం ఒక చిన్న వంపు వదులుగా ఉంచి, జానెడు దూరంలో మొదటి టై వేయాలి. ఆ తర్వాత పరీక్ష. ఇంజను ఆపి ఉంచి హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పి, రెండు చోట్లా యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి వదలండి. టపుక్కున వెనక్కి రావాలి. తర్వాత ఇంజను నడుస్తుండగా హ్యాండిల్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి. శబ్దం ఏమాత్రం పెరిగినా ఎక్కడో తీగ బిగుసుకుంటోంది, టైలు కోసి మళ్లీ కట్టాలి. జిగురు పూర్తిగా ఆరేందుకు ఒక రాత్రి బండి వదిలేయండి.

వాడకంలో నేను గట్టిగా చెప్పేది ఒకటే: చేతులు చల్లబడ్డాక కాదు, చల్లబడకముందే వేయాలి. ఒకసారి గడ్డకట్టిన వేళ్లకు అరచేతి వేడి చేరడానికి చాలాసేపు పడుతుంది. నేను ఇంటి దగ్గర ఇంజను వేశాక పూర్తి వేడిలో పెట్టి, గ్రిప్పులు వెచ్చబడగానే సగానికి తగ్గిస్తాను, ఘాట్ మొదట్లో మళ్లీ పెంచుతాను. ఇంజను ఆగి ఉన్నప్పుడు వేయకండి. ఎక్కువసేపు ఐడ్లింగ్‌లో నిలబడినప్పుడూ తగ్గించండి, అప్పుడు చార్జింగ్ తక్కువ.

గ్రిప్పులు వేడిచేసేది అరచేతినే. చేతి వెనుక భాగాన్ని గాలి కోస్తూనే ఉంటుంది. కాబట్టి హ్యాండ్ గార్డులు కూడా పెట్టించండి, ఖర్చుకు తగిన ఫలితం ఉంటుంది. చేతి తొడుగుల విషయంలో అరచేయి వైపు పలచగా, పైవైపు మందంగా ఉన్నవి మేలు. రెండు వైపులా దూది దట్టించినవి వేసుకుంటే గ్రిప్పు వేడి చేతికి అందదు. ఛాతీకి గాలి తగలకుండా మంచి జాకెట్టు ఉంటేనే చేతులకు రక్తం వస్తుంది, గ్రిప్పులు ఒక్కటే ఆ పని చేయలేవు.

మధుమేహం వల్ల చేతుల్లో స్పర్శ తగ్గినవారు పూర్తి వేడి వాడకండి. తెలియకుండానే చర్మం కాలుతుంది. మొద్దుబారిన చేతులతో వచ్చి గ్రిప్పును గట్టిగా పట్టుకునేవారికీ ఇదే మాట. చేతి తొడుగు లేకుండా అసలు వద్దు.

బండి కడిగేటప్పుడు స్విచ్చు మీద నీళ్ల గన్ను పెట్టనివ్వకండి. వర్షాకాలం మొత్తం వాడకపోయినా నెలకోసారి ఒక నిమిషం వేసి చూడండి. ఇవి చెడిపోయేది ఎక్కువగా కుడి గ్రిప్పు మొదట్లోనే, ప్రతి మెలితిప్పుకూ తీగ వంగే చోట. అక్కడ రబ్బరు పొరను వేళ్లతో వంచి చూస్తే పగుళ్లు కనిపిస్తాయి. లోపలి రాగి బయటపడకముందే కొత్త హీట్ ష్రింక్ తొడగండి. రాగి కనిపిస్తే ఫ్యూజు తీసేసి, ఆ గ్రిప్పు మార్చేదాకా వాడకండి.