ఇంగ్లిష్ వ్యాకరణం – 9వ పాఠం: ఎవరో అన్న మాటను చెప్పేటప్పుడు ఏ టెన్స్ వాడాలి?

కిందటి పాఠంలో 'ఐ' పోయి 'హి' రావడం, 'మై' పోయి 'హిజ్' రావడం చూశాం. అక్కడి అభ్యాసంలో మూడో వాక్యం, ఒకావిడ అన్న 'మై బ్రదర్ ఈజ్ ఇన్ ముంబై'. దానికి జవాబు: 'షి సెడ్ హర్ బ్రదర్ వజ్ ఇన్ ముంబై'. అసలు మాటలో ఉన్న 'ఈజ్' ఇక్కడ 'వజ్' ఎందుకయిందో ఈ పాఠంలో చూద్దాం.

తెలుగులో మనకు ఈ తంటా లేదు. 'రేపొస్తానన్నాడు' అంటాం. ఆయన నోట వచ్చిన 'వస్తాను' అలాగే ఉంటుంది, వెనక 'అన్నాడు' చేరుతుంది, అంతే. ఆ అలవాటుతోనే చాలామంది 'హి సెడ్ దట్ ఐ విల్ కమ్' అనేస్తారు. అప్పుడు వచ్చేది ఆయన కాదు, మీరు! ఇంగ్లిష్‌లో అవతలివాళ్ల మాటను కూడా మీరున్న కాలం నుంచే చెప్పాలి.

ముందు చెప్పే క్రియను చూడండి. అది 'సేస్' అయితే లోపలి టెన్స్ జోలికి పోనక్కర్లేదు: 'ద డాక్టర్ సేస్ ఇట్ ఈజ్ వైరల్ ఫీవర్'. 'సెడ్', 'టోల్డ్' అయితే మామూలుగా ఒక మెట్టు వెనక్కి వెళ్తాం. 'ఈజ్' 'వజ్' అవుతుంది, 'హావ్' 'హ్యాడ్', 'విల్' 'వుడ్', 'క్యాన్' 'కుడ్', 'మే' 'మైట్' అవుతాయి. 'కుడ్', 'షుడ్', 'మైట్' మాత్రం మారవు. ఇదంతా ఇంటర్ గైడ్లలో ఉన్నదే.

గైడ్లు దాటేసేది ఒకటుంది. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న వాక్యం ఒక్కటే మినహాయింపన్నట్టు రాస్తాయి. నిజానికి ఇప్పటికీ చెల్లే ఏ మాటకైనా వెనక్కి వెళ్లడం తప్పనిసరి కాదు. ఇంటి ఓనర్ ఏప్రిల్లో 'ద రెంట్ విల్ గో అప్ ఇన్ జూన్' అన్నాడనుకోండి. మేలో ఆ మాట చెబుతుంటే 'హి సెడ్ ద రెంట్ విల్ గో అప్' అన్నా సరే, 'వుడ్ గో అప్' అన్నా సరే. ఆగస్టులో చెబితే 'వుడ్' ఒక్కటే, ఎందుకంటే జూన్ దాటిపోయింది.

రెండూ ఒప్పే అయినప్పుడు ధ్వనిలో కొంచెం తేడా ఉంటుంది. సెలవు పెట్టిన సహోద్యోగి గురించి 'హి సెడ్ హి ఈజ్ సిక్' అంటే ఆ జ్వరం ఇంకా ఉన్నట్టే మీరూ మాట్లాడుతున్నారు. 'హి సెడ్ హి వజ్ సిక్' అంటే ఆయన అన్నది అది, నిజానిజాలకు మీ పూచీ లేదు. వార్తలు ఎక్కువగా ఈ రెండో దారినే పోతాయి. పరీక్షలో మాత్రం తర్కం పెట్టుకోకుండా మెట్టు దిగండి, మార్కులు అక్కడున్నాయి.

ఇక పాస్ట్ టెన్స్. 'లెఫ్ట్' అన్నది 'హ్యాడ్ లెఫ్ట్' అవుతుందని నేర్పుతారు. కానీ కాలం తెలిసిపోతుంటే మార్చక్కర్లేదు: 'షి సెడ్ షి వజ్ బార్న్ ఇన్ 1985'. ఇక్కడ 'హ్యాడ్ బీన్ బార్న్' పెడితే వాక్యం ఎబ్బెట్టుగా ఉంటుంది. అర్థం రెండు వైపులా పోయే చోట మాత్రం 'హ్యాడ్' కావాలి. 'దే సెడ్ ద ట్రైన్ లెఫ్ట్ ఎట్ సిక్స్' అంటే రోజూ ఆరింటికి బయలుదేరే రైలా, ఆరింటికే వెళ్లిపోయిన రైలా? 'హ్యాడ్ లెఫ్ట్' అంటే ఇక రైలు కోసం చూడక్కర్లేదని తేలిపోతుంది.

అభ్యాసం: మీ మేనేజర్ మంగళవారం అన్న మాటలివి. బుధవారం పొద్దున మీరు చెబుతున్నట్టు రాయండి. 'ఐ హావ్ సెంట్ ద ఫైల్.' 'ద క్లయింట్ విల్ కాల్ ఆన్ ఫ్రైడే.' 'ఐ జాయిన్డ్ దిస్ కంపెనీ ఇన్ 2015.' రెండోదాన్ని శనివారం చెబుతున్నట్టు కూడా ఒకసారి రాయండి. జవాబులు వచ్చే పాఠంలో.