చక్రం దిగినట్టే ఉంటుంది, లాక్ పడదు: మోడల్ విమానాల్లో రిట్రాక్ట్ గేర్ తిప్పలు

రిట్రాక్ట్ గేర్ అంటే ఎగిరేటప్పుడు లోపలికి ముడుచుకుని, దిగేటప్పుడు బయటికి వచ్చే చక్రాలూ, వాటిని మోసే కాళ్లూ. లక్షణం: గాల్లో స్విచ్ వేస్తే రెండు చక్రాలూ బయటికి వచ్చాయి. కింద నుంచి చూస్తే నిటారుగానే ఉన్నాయి. నేల తాకగానే ఎడమ కాలు మడతపడింది, రెక్క మట్టి గీసుకుంటూ విమానం గిర్రున తిరిగింది. కాలుని ముడిచే మోటారు యూనిట్ పోయిందని కొత్తది కొన్నారు. బల్ల మీద పదిసార్లు ఆడిస్తే పదిసార్లూ బాగానే ఆడింది. బిగించి ఎగరేస్తే రెండోరోజే మళ్లీ అదే కథ.

ముందు మామూలు చెకింగ్. ఎవరూ చెయ్యరు కాబట్టే చెబుతున్నా. ప్లగ్గు గట్టిగా నొక్కండి. సర్వోలన్నీ (రెక్కల, తోక పలకల్ని కదిపే చిన్న మోటార్లు) ఒకేసారి కదిలిస్తూ వోల్టేజీ చూడండి. ఊరికే ఉన్నప్పుడు 5 వోల్టులు చూపించేది లోడ్ పడితే దిగిపోవచ్చు. చక్రం దాక్కునే గుంటలో మట్టి ఉందేమో చూడండి. మన డెల్టా మట్టి తడిస్తే జిగురు, ఎండితే రాయి. దాన్ని గీకకుండా నాకు ఫోన్ చేసేవాళ్లు ఉన్నారు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా కాలు మడతపడుతోందంటే యూనిట్‌ని కాదు, అది కూర్చున్న చెక్కని అనుమానించండి. ఈ ఒక్క విషయం తెలియక నేను వరసగా మూడు యూనిట్లు తగలేశాను.

ఎలక్ట్రిక్ రిట్రాక్ట్‌లో చిన్న మోటారు ఒక మర కడ్డీని తిప్పుతుంది. దాని మీద నట్టు జరుగుతూ పిన్నుని గాడిలో లాగుతుంది. గాడి చివర వంపులో పిన్ను కూర్చుంటేనే లాక్. చాలా యూనిట్లలో అక్కడ స్విచ్చేమీ ఉండదు. నట్టు చివరికి చేరి ఆగిపోతే కరెంటు ఒక్కసారిగా పెరుగుతుంది, అది చూసి సర్క్యూట్ మోటారుని ఆపేస్తుంది. అసలు చివరికొచ్చి ఆగిందో, మధ్యలో బిగుసుకుని ఆగిందో ఆ సర్క్యూట్‌కి తెలియదు. ఒకటి రెండు మిల్లీమీటర్ల ముందే బిగుసుకుంటే కాలు చూడ్డానికి నిటారుగానే ఉంటుంది గానీ లాక్ పడదు. దిగేటప్పటి దెబ్బంతా ఆ సన్నటి పిన్ను మీదా నట్టు మీదా పడుతుంది.

మరి బిగుసుకోవడం ఎందుకు? యూనిట్ బిగించే ప్లైవుడ్ ముక్క సమంగా లేకపోతే నాలుగు స్క్రూలూ తిప్పేసరికి యూనిట్ ఫ్రేమే మెలిపడుతుంది. ఊడదీసి బల్ల మీద పెడితే మెలిక పోతుంది, అందుకే అక్కడ ఏ తేడా కనపడదు. వేసవిలో తయారుచేసిన రెక్క వానాకాలం చెమ్మకి ఉబ్బుతుంది. మా భీమవరం వైపు చుట్టూ చేపల చెరువులే, చెమ్మకి కొదవ లేదు. మే నెలలో బాగున్నది ఆగస్టులో మొండికేసిందంటే నాకు వచ్చే మొదటి అనుమానం ఇదే.

తేల్చుకోవడం సులువు. కాలు దించి, చక్రాన్ని వేలితో మడిచే వైపుకి నెట్టండి. లాక్ పడితే కదలదు, లేకపోతే మెత్తగా కొంచెం ఇస్తుంది. అలా ఇస్తే నాలుగు స్క్రూలూ అర చుట్టు వదులు చేసి మళ్లీ ఆడించండి. మోటారు శబ్దం మారి, కాలు మిగిలిన కాస్త దూరమూ వెళ్లి కూర్చుందంటే దొంగ దొరికినట్టే. అలా వదులుగానే ఎగరేయకండి. యూనిట్ తీసి, స్టీలు స్కేలు ఆనించి చెక్కలో ఎత్తుపల్లాలు చూడండి. ఎత్తు ఉన్నచోట ఉప్పుకాగితంతో రుద్దండి, పల్లం ఉన్నచోట పాత ఏటీఎం కార్డు ముక్క పెట్టండి. తర్వాత స్క్రూ రంధ్రాల లోపలితో సహా పల్చగా ఎపాక్సీ పూయండి. అది పూర్తిగా ఆరేదాకా ఆగి అప్పుడు బిగించండి.

ఇంతా చేసి అడుగుతున్నా, అసలు మీకు రిట్రాక్ట్ ఎందుకు? వేగం రెండింతలైతే గాలి నిరోధం నాలుగింతలవుతుంది, కాళ్లు దాచుకున్న లాభం వేగంగా పోయే విమానానికే. గంటకు 50 కిలోమీటర్లతో తిరిగే ట్రైనర్‌కి, అంటే నేర్చుకునేవాళ్ల విమానానికి, మిగిలేది బరువే. మనుషులెక్కే హోమ్‌బిల్ట్‌లలోనే (సొంతంగా కట్టుకునే విమానాలు) వ్యాన్స్ కంపెనీ ఆర్‌వీ వరసంతా ఫిక్స్‌డ్ గేర్, అంటే ముడుచుకోని కాళ్లే. బర్ట్ రూటాన్ డిజైన్ చేసిన లాంగ్-ఈజీ అనే హోమ్‌బిల్ట్‌లో ముక్కు చక్రం ఒక్కటే ముడుచుకుంటుంది. ఇక మనం దించేది ఎక్కడ? సార్వా కోసిన చేలో, వరి దుబ్బుల మీద. అక్కడికి పెద్ద చక్రాలూ, వంగితే చేత్తో సరిచేసుకునే స్టీలు తీగ కాళ్లూ చాలు. తారు రోడ్డు లాంటి చోటు దొరికి, జెట్ మోడల్ కట్టాలన్న సరదా ఉంటే రిట్రాక్ట్ పెట్టుకోండి.

రేడియో సిగ్నల్ తేడా, రిసీవర్ లోపం అంటారా? ఉండొచ్చు, పైవన్నీ చూశాక చివర్లో చూడండి. కాలి తీగ వంగి ఫ్రేముకి రాసుకుంటే కంటికే తెలుస్తుంది, సరిచేయండి. మంచినీటి చెరువులో పడితే కడిగి ఆరబెట్టి, మరకి ఒక చుక్క నూనె వేసి చూడొచ్చు. రొయ్యల చెరువు ఉప్పునీళ్లలో మునిగిందైతే బాగుచేయమని నా దగ్గరికి తేకండి, మార్చేయండి.